సున్నా చూసుకోండి

చుట్టుగుంట బంకులో
గొట్టం చేతపట్టుకుని బాజీ రోజూ అనే మాట:
"సున్నా చూసుకోండి సార్."

చూస్తాను.
నాలుగు నెలలుగా చూస్తున్నది అదే గదా,
బల్ల మీద, గీతల కాగితం మీద,
పొద్దున్నే ఐదింటికి లేచి
టీ చల్లారి మీగడ కట్టేదాకా.

వందకి కొట్టమంటాను.
రూపాయల గడి ఉరుకుతుంది.
కింద లీటరు గడి మాత్రం
మోకాళ్ల నొప్పుల మనిషి మెట్లెక్కినట్టు
ఒక్కో అంకె పట్టుకుని ఎక్కి
ఒకటి ఇంకా చేరకుండానే
ఆగిపోతుంది.

నేను మిర్చి యార్డులో గుమాస్తాని.
బాడిగ రకానికి ఇంత,
లారీ బాడుగకి అంత.
గుడి తీసి కొమ్ము పెడితే చాలు,
రాబడి కాస్తా ఖర్చు!
ఇదేదో కవితకి పనికొస్తుందని
చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను.
చొక్కాతో పాటు అదీ ఉతుక్కి పోయింది.
నాలుగు నెలల్లో నేను రాసింది అంతే,
అదీ సర్ఫు నీళ్లలో.

కూరలామెని అడిగాను,
దొండకాయలకీ డీజిలుకీ ఏం సంబంధమమ్మా అని.
"మరి నడిచొచ్చినయ్యా ఏంది సార్ తెనాలి నుంచి?"
సంచిలో వేసి మూతి ముడిచింది.
ఇంత కచ్చితమైన వాక్యం
నేను ఏడాదిగా రాయలేదు.

సుభానీ వచ్చాడు, పిల్లదాని స్కూలు ఆటో.
నెలకి ఇంకో రెండొందలు కావాలన్నాడు.
అడిగేటప్పుడు అతను గడప చూశాడు,
ఇచ్చేటప్పుడు నేనూ అదే గడప చూశాను.
కరుణ లోపల్నుంచి
"సిలిండరు కూడా ఇవాళో రేపో" అంది,
ఎవరితోనో చెప్తున్నట్టు.

పత్రిక నుంచి ఫోను.
"రాయకుండా కూర్చున్నావేందయ్యా,
పెట్రోలు మీదే రాయరాదూ? మండిపోయే విషయం!"
నవ్వి పెట్టేశాడు.
సరేనని కూర్చున్నాను.
మంట, అని రాశాను.
కొట్టేశాను.
మిరపకాయలు తిని బతికే ఊళ్లో
మంట గురించి కొత్తగా ఏం చెప్తాం?

నిన్న సాయంత్రం
మూడు వంతెనల కింద, వాననీళ్లు ఇంకా ఇంకని చోట
మోపెడ్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.
వంచి చూశాను, ఊపి చూశాను,
ట్యాంకు మూత తీసి ఊదాను కూడా.
అచ్చం పొద్దున బల్ల దగ్గర చేసే పనులే.

తోసుకుంటూ పోతుంటే
వెనక నుంచి ఓ కుర్రాడు,
వీపున ఎవరిదో బిర్యానీ చల్లారుతున్న పెట్టె.
"ఎక్కి కూకో బాబాయ్, హ్యాండిల్ తిన్నంగా పట్టుకో."
నా సైలెన్సరు మీద ఎడంకాలు ఆనించి
తన బండి గేరు మార్చాడు.

అతని పెట్రోలు మీద నా బండి.
నాకేమో గుండెలో మీటరు గిరగిరా తిరుగుతోంది,
వాడికెంత ఖర్చు, వాడికెంత ఖర్చు అని.
"లేటైతే నీకు డబ్బులు కోయరా?" అని అరిచాను.
"కోస్తే కోశారులే!"
గాలికి సగం మాటే వినపడింది.
బంకు వెలుగు కనపడగానే కాలు తీసేశాడు.
బండి తనంతట తాను కాసేపు పోయింది.
తిరిగి చూస్తే
ఎర్రలైట్లు చాలా ఉన్నాయి, ఏది అతనిదో.

"సున్నా చూసుకోండి సార్," అన్నాడు బాజీ.

ఇంటికొచ్చి స్టాండు వేస్తుంటే కనపడింది,
సైలెన్సరు మీద బురద మడమ అచ్చు,
వేడికి ఎండి అట్టకట్టింది,
అరసున్నాలా.
ఇప్పుడెవరూ పలకని అక్షరం,
మా తాతయ్య ఉత్తరాల్లో మాత్రం ఉండేది.
గుడ్డ తెచ్చాను గానీ తుడవలేదు.

రాత్రి లెక్కల పుస్తకం తీశాను.
పెట్రోలు: వంద.
దొండకాయలు: ఇరవై.
సుభానీకి: రెండొందలు.
తోసినందుకు:

పక్క గడిలో ఏం వెయ్యాలి?
తెల్లారింది.
కరుణ టీ గ్లాసు పెట్టి, తొంగిచూసి
ఏమీ అనకుండా వెళ్లింది.